బొంతల క్యాన్

గోపాల్‌పూర్ బీచిలో టూరిస్టులు ఆడుకుని వదిలేసిన
పసుపుపచ్చ కయాక్,
అడుగున చీలిక ఉందని నాలుగువేలకి ఇచ్చారు.
ప్లాస్టిక్ కరిగించి అతుకేశాడు మా బావమరిది గురన్న.
ఒంటి మనిషికి చాలు. తెప్ప కన్నా తేలిక.
మా ఎల్లాజీ మాటలా
ఎటు తెడ్డేస్తే అటే తిరుగుతుంది.

సోనాపురం దగ్గర బాహుదా మొగలో
చచ్చిన ఎరకి పీతలొస్తాయి, జెల్లలొస్తాయి.
పండుగప్ప రాదు.
ఎదర ఒక ప్రాణం కొట్టుకుంటేనే అది నోరు తెరుస్తుంది.
ఆ ప్రాణాన్ని మొగదాకా మోసే గిన్నె కోసం
బరంపురం బస్సెక్కాను.

మొదటి కొట్టులో ఐసు పెట్టె,
తెల్లగా, నాలుగు పలకలుగా.
మూల కనపడితే చేప మూతి పెట్టి పొడుస్తుంది బాబూ,
తెల్లారేసరికి ముక్కు ఎర్రబారి పొలుసు రాలుతుంది.
వద్దన్నాను.
రెండో కొట్టులో నీలం డ్రమ్ము.
మూత తీస్తే కళ్ళు మండాయి.
కడిగితే పోతుందన్నాడు.
నా ముక్కులోంచి పోతుందేమో గానీ
బొంత మొప్పలోంచి పోదు.
ఇంకొకాయన యాభై లీటర్ల టబ్బు చూపించి
పెద్దది పట్టుకెళ్ళు దాదా, చేపలు సుఖపడతాయన్నాడు.
చేపలు సుఖపడతాయి, నేను మునుగుతాను.
యాభై లీటర్లంటే యాభై కేజీల నీళ్ళు,
అల ఎటు వాలితే అటే వాలే నీళ్ళు.
తాగినోణ్ణి వెనక కూర్చోబెట్టుకుని
తెడ్డు వెయ్యడమే.

ఎండ నెత్తికొచ్చింది.
రైలుగేటు పక్క పాత సామాన్ల సాహు కొట్టులో
పెళ్ళిభోజనాల వాళ్ళు అమ్మేసిన నీళ్ళ క్యాన్.
ఇరవై లీటర్లు. గుండ్రం. మర మూత.
నీళ్ళు మార్చుకోడానికి అడుగున కుళాయి.
లోపలికి చెయ్యి పెట్టి చుట్టూ తడిమాను,
గరుకు లేదు.
పైన ఎర్రరంగు అక్షరాలు చెరిగీ చెరగక.
ఇంట్లో తెలుగే గానీ నేను చదివింది ఒడియా బడి,
కూడబలుక్కున్నాను: శుభ బిబాహ.
కేతే జణ? అన్నాడు సాహు,
పెళ్ళికి ఎంతమందని.
ఎనిమిది మంది, అందరూ బొంతలే అన్నాను.
నవ్వాడు, ధర మాత్రం తగ్గించలేదు.

ఆ రాత్రి అరుగు మీద పరీక్ష.
మొగ నీళ్ళు, గాలిపంపు, రెండు సెల్లులు,
జానెడు కన్నా చిన్నవి ఎనిమిది.
అరగంటకోసారి లేచి లైటేసి చూశాను.
అన్నీ ఒకే పక్క తిరుగుతున్నాయి
పెళ్ళిలో ప్రదక్షిణం చేస్తున్నట్టు.
మూడు గంటలకి పంపు గొంతు బొంగురుపోయింది.
సెల్లులు వెతికేలోగా
గ్లాసుతో ముంచి ఎత్తునుంచి పోశాను, పోస్తూనే ఉన్నాను.
చీకట్లో ఎర్రమ్మ అంది,
పిల్ల జొరానికి కూడా ఇన్నిసార్లు లేవలేదు నువ్వు.
గ్లాసు ఆగింది.
మళ్ళీ ముంచాను.

పొద్దున్న ఏడే ఈదుతున్నాయి.
ఎనిమిదోది పులుసులోకెళ్ళింది.
మేమిద్దరం ఏం మాట్లాడుకోకుండానే తిన్నాం.

ఇప్పుడు క్యాన్ నా వీపు వెనకే, తాడుతో బిగించి.
అలల చప్పుడు తగ్గినప్పుడు
వెన్నుపూసకి తగులుతుంటాయి
మూతులో తోకలో, చిన్న చిన్న తట్టుళ్ళు.
చెయ్యి తడుపుకునే లోపల పెడతాను,
పొడి అరచేతికి వాటి ఒళ్ళు ఊడొస్తుంది.
ఏది బాగా ఈదుతుందో
దాన్నే ముందు తియ్యాలి.
ఈ మాట గురన్నకి నేర్పేటప్పుడు
ఎందుకో అటు తిరిగి చెప్పాను.

మాఘంలో ఎల్లాజీ కూతురి పెళ్ళట.
నీ దగ్గర నీళ్ళ క్యాన్ ఉందట కదా, ఇస్తావా అని వచ్చాడు.
ఇస్తాను, రాసి కూడా ఉంది దాని మీద.
బూడిదేసి తోమాను, చింతపండేసి తోమాను,
అడుగున ఇంకా ఒకటో రెండో పొలుసులు మెరుస్తాయి.
మగపెళ్ళివారికి పొయ్యకముందు
ఒక గ్లాసు నువ్వు తాగి చూడరా అన్నాను.